కుక్కపిల్ల కొరుకుడు: శిక్షణ గ్రంథాలు చెప్పేది, యజమానులు నమ్మేది

అధికారం చేజిక్కిన అల్పుని స్వభావాన్ని వర్ణించడానికి వేమన ఎంచుకున్న ఉపమానం చెప్పులు నమిలే శునకం. ఆ పద్యం బడిలో వల్లెవేయని తెలుగువారు అరుదు. దాని ప్రభావమే కాబోలు, చెప్పు కొరకడం కుక్క నైచ్యానికి గుర్తు అనే భావం మనలో బలంగా నాటుకొన్నది. భైరవుని వాహనంగా కుక్కకు మొక్కే చేతులే, కొత్త చెప్పు తెగిన నాడు అదే జాతిపై కర్ర ఎత్తుతాయి. కాని జంతుప్రవర్తనను పరిశీలించినవారి దృష్టిలో కొరకడం నీచగుణమూ కాదు, నేరమూ కాదు. చేతులు లేని ప్రాణి లోకాన్ని నోటితో తడిమి చూసే పద్ధతి అది.

కేజీఎఫ్ పేటల్లోనైనా, ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాల పల్లెల్లోనైనా కుక్కను పెంచేవారిని ఈ విషయం అడిగితే సమాధానాలు వెంటనే వస్తాయి, ఒకదానితో ఒకటి పొసగకుండా వస్తాయి. తెగిన చెప్పుతోనే రెండు తగిలిస్తే మానివేసిందని ఒకరంటారు. మంచం కోళ్ళకు మిరపకారం పూశామని మరొకరు, గొలుసు వేసి కట్టివేశామని ఇంకొకరు. పుస్తకం చదివి బొమ్మలు కొనిచ్చామని చెప్పేవారూ ఉంటారు, పుస్తకాలన్నీ దొరల ఇళ్ళకు పనికివచ్చేవని కొట్టివేసేవారూ ఉంటారు. ప్రతి ఒక్కరూ తమ ఉపాయం ఫలించిందనే చెబుతారు. అబద్ధమాడుతున్నారని కాదు. ఇన్ని పరస్పర విరుద్ధమైన ఉపాయాలు ఒకే ఫలితం ఎలా ఇచ్చాయన్నదే ఇక్కడి ప్రశ్న.

జవాబు కుక్కపిల్ల నోటిలోనే ఉన్నది. దానికి పాలపళ్ళు 28. సుమారు నాలుగవ నెలలో అవి రాలడం మొదలై, ఆరు ఏడు నెలల వయసుకు 42 శాశ్వత దంతాలు పూర్తిగా వస్తాయి. ఈ నడిమి కాలంలో చిగుళ్ళు ఉబ్బి సలుపుతాయి. గట్టి వస్తువును కొరికితే ఆ బాధకు ఉపశమనం. అందుచేత నాలుగవ, ఐదవ నెలల్లో కొరుకుడు ఉధృతంగా ఉండి, ఏడవ నెల దాటాక చాలా కుక్కలలో తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. ఐదవ నెలలో కొట్టడం మొదలుపెట్టిన యజమానికి ఏడవ నెలలో ఫలితం కనిపిస్తుంది. కారం పూసినవానికీ, బొమ్మ కొన్నవానికీ, ఏమీ చేయని సోమరికీ అదే నెలలో అదే ఫలితం! పళ్ళు సాధించిన విజయాన్ని బెత్తం తన ఖాతాలో వేసుకొంటుంది. ఇరుగుపొరుగు అనుభవాన్ని వినేటప్పుడు, అప్పుడు వారి కుక్క వయసు ఎంత అని ఒక్క ప్రశ్న వేస్తే సగం చిక్కు విడిపోతుంది.

గ్రంథాల మధ్య కూడా ఐకమత్యం లేదు. జర్మనీలో పోలీసు, సైనిక జాగిలాలకు తర్ఫీదునిచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910లో వెలువరించిన గ్రంథం ఈ విద్యకు తొలి శాస్త్రగ్రంథాల కోవలోనిది. అందులో బలప్రయోగానికి పెద్దపీట. అమెరికాలో 1962లో వచ్చిన విలియం కోహ్లర్ పుస్తకం మరింత కఠినమైనది. కుక్క కొరికిన వస్తువు ముక్కను దాని దవడల నడుమ పెట్టి, మూతికి పట్టీ చుట్టి ఉంచమని ఆయన సలహా. 1980లో బీబీసీ టెలివిజన్ పాఠాలతో పేరుపొందిన బార్బరా వుడ్‌హౌస్ తన పుస్తకానికి ‘నో బ్యాడ్ డాగ్స్’ అని పేరుపెట్టి, లోపం కుక్కలో కాదు, యజమానిలో వెదకమన్నది. అయినా కంఠానికి బిగిసే గొలుసును మాత్రం విడిచిపెట్టలేదు. న్యూ స్కీట్ మఠవాసుల 1978 నాటి గ్రంథం కుక్కను వెల్లకిలా పడవేసి అదిమిపట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. తోడేళ్ళ మందకు ఒక నియంత ఉంటాడు, ఇంట్లో ఆ స్థానం యజమానిదే కావాలి అన్నది దాని వెనుక ఉన్న తర్కం.

ఆ తర్కానికి మూలం రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రకటించిన పరిశీలన. ఆయన చూసినవి బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్ళు. ఆ భావాన్ని తన 1970 నాటి పుస్తకం ద్వారా లోకానికి విస్తారంగా చాటిన డేవిడ్ మెక్, అడవిలోని తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించాక 1999లో దానిని తానే సవరించాడు. అడవిలో మంద అంటే తల్లి, తండ్రి, పిల్లలు. అంటే ఒక కుటుంబం. మఠవాసులు సైతం 2002 నాటి కూర్పులో అదిమిపట్టే పద్ధతిని ఉపసంహరించుకొన్నారు. పాత ముద్రణలు మాత్రం పాత పుస్తకాల అంగళ్ళలో ఇంకా చేతులు మారుతూనే ఉంటాయి. కనుక శిక్షణ గ్రంథం కొనేవారు వెల కంటే ముందు ముద్రణ సంవత్సరం చూడటం మంచిది. కారెన్ ప్రయర్ 1984లో రాసిన ‘డోంట్ షూట్ ద డాగ్’ ఆ నాటిదే అయినా నేటికీ చదవదగినది. డాల్ఫిన్‌లకు శిక్షణ ఇచ్చిన అనుభవం ఆమెది. నీటిలో ఈదే జంతువుకు గొలుసు వేసి లాగలేము కదా. మెచ్చుకోలు తప్ప మరో సాధనం లేనిచోట పుట్టిన విద్య అది.

యజమానుల అభిప్రాయాలను లెక్కలోకి తెచ్చిన పరిశోధన ఒకటి ఉన్నది. బ్రిటన్‌లో హిబీ, రూనీ, బ్రాడ్‌షా అనే ముగ్గురు పరిశోధకులు 364 మంది యజమానుల సమాధానాలు సేకరించి 2004లో ప్రకటించారు. బహుమానంతో నేర్పినవారి కుక్కలు ఎక్కువ మాట వింటున్నట్టు, దండన ఎక్కువగా వాడిన ఇళ్ళలో ప్రవర్తనా సమస్యలు ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. దండన వల్ల సమస్యలు పెరిగాయా, సమస్యలు ఉన్నందువల్ల దండన పెరిగిందా అన్నది ఇటువంటి లెక్క ఒక్కటే తేల్చలేదు. అయినా కొట్టినచోట కుక్క బాగుపడిందనడానికి ఆధారం దొరకలేదన్నది గమనించదగ్గ విషయం.

దండనను సమర్థించేవారి చివరి ఆయుధం ఒకటున్నది. ‘తప్పు చేసినట్టు దానికి తెలుసు, చూడండి ఎలా తల వంచుకొన్నదో’ అంటారు. ఈ మాట నిజమా అని అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో పరీక్షించింది. యజమాని తినవద్దని చెప్పి గది విడిచి వెళ్ళేవాడు. కొన్నిసార్లు కుక్క ఆ తినుబండారం తినేది, కొన్నిసార్లు తినేది కాదు. తిరిగి వచ్చిన యజమానికి మాత్రం ఒక్కొక్కసారి నిజం, ఒక్కొక్కసారి అబద్ధం చెప్పేవారు. తల వంచడం, చెవులు వెనక్కి వాల్చడం, చూపు తిప్పుకోవడం — ఇవన్నీ తిన్న కుక్కలో ఎక్కువగా కనిపించలేదు. తిట్లు తిన్న కుక్కలో కనిపించాయి. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్నవాటిలో మరీ ఎక్కువగా కనిపించాయి.

ఆంధ్ర మహాభారతం చదివినవారికి ఇక్కడ ఆదిపర్వంలోని సరమ గుర్తుకురావాలి. జనమేజయుని యజ్ఞభూమిలో ఆడుకొంటున్న దేవశునకం కుమారుణ్ణి, సారమేయుణ్ణి, రాజు తమ్ముళ్ళు అకారణంగా కొట్టారు. బిడ్డ ఏడుస్తూ చెప్పిన మాట విని తల్లి సభకు వచ్చి, తప్పు చేయనివానిని ఎందుకు కొట్టారని నిలదీసింది. కారణం తెలియని భయం మీకూ కలుగుతుందని హెచ్చరించింది. సాయంత్రం ఇంటికి వచ్చి, పొద్దున తెగిన చెప్పు చూపుతూ కొట్టే యజమాని కుక్కకు కలిగించేదీ సరిగ్గా ఆ భయమే. చేసిన పనికీ పడిన దెబ్బకూ నడుమ గంటలు గడిచిపోయాయి. కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే: తలుపు తెరుచుకొన్నప్పుడు, నేల మీద చెప్పు ఉన్నప్పుడు, ఈ మనిషి ప్రమాదకారి. ఆ భయమే మరునాడు మరింత కొరికిస్తుంది.

పుస్తకాలు దొరల ఇళ్ళకు రాసినవన్న ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. వాటిలోని కుక్కకు వెనుక పచ్చికబయలు ఉంటుంది, ప్రత్యేకమైన పెట్టె ఉంటుంది, బూట్లు అలమరలో ఉంటాయి. గని కార్మికుల కోసం కట్టిన లైన్ ఇళ్ళలో గోడకు గోడ ఆనుకొని ఉంటుంది. పెరడు ఉండదు. పైగా చెప్పులు గడప బయట విడవడం మన ఆచారం. అంటే యజమాని పాదాల వాసన నిండిన తోలు ముక్క సరిగ్గా కుక్క మూతి ఎత్తులో, కాపలా లేకుండా పడి ఉంటుంది. గోడకు అరచేయి పైన ఒక చెక్క పలక కొట్టి చెప్పులు దాని మీద పెట్టే ఇంట్లో సగం శిక్షణ పూర్తయినట్టే. పాత చెప్పును ఆటవస్తువుగా ఇవ్వడం మాత్రం చేయరాదు. పాతదేదో కొత్తదేదో కుక్క ఎరుగదు.

ఈ పట్టణానికే చెందిన చిక్కు మరొకటి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఇక్కడి కుటుంబాలలో ఎన్నో బెంగళూరు జీతంపై ఆధారపడ్డాయి. తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కినవారు తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి. అంతసేపూ గొలుసుతో ఉన్న కుక్క తలుపు చెక్కను, కిటికీ అంచును, చివరకు తన పాదాలనే కొరుకుతుంది. ఇది పళ్ళ వయసు దాటిన కుక్కల కథ. యజమాని వెళ్ళిన కొద్దిసేపటికే తలుపు దగ్గరే ధ్వంసం మొదలైతే ఒంటరితనపు భయం ఉన్నట్టు. రోజంతా చేతికందినదల్లా కొరికితే పని లేక విసుగు. మొదటిదానికి పశువైద్యుని సలహా కావాలి. రెండవదానికి రైలుకు ముందు అరగంట నడక, పగలు పలకరించే పొరుగువారు చాలావరకు చాలు. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం లేకుండా చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమని చాలామందికి తెలియదు. అసమంజసంగా పొట్టిదైన, బరువైన గొలుసు వేయడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది.

కొరకవద్దనడం కన్నా, కొరకడానికి తగినది ఇవ్వడం మేలని నేటి మంచి గ్రంథాలన్నీ చెబుతున్నాయి. అమెరికాలోని కొలరాడోలో జో మార్ఖం అనే ఆయన కుక్క రాళ్ళు కొరికి పళ్ళు అరగదీసుకొనేది. 1970ల్లో ఆయన ఫోక్స్‌వ్యాగన్ బండి బాగుచేస్తుండగా, సస్పెన్షన్‌లోని ఒక రబ్బరు భాగం ఆ కుక్కకు దొరికింది. అది రాళ్ళను మరచిపోయింది. నేడు అంగళ్ళలో దొరికే కాంగ్ అనే బోలు రబ్బరు బొమ్మ పుట్టుక అదే. యంత్రాల మధ్య బ్రతికే ఈ ఊరివారికి ఈ కథ నచ్చుతుంది గాని, టైరు ముక్కలు మాత్రం ఇవ్వకండి, వాటిలో ఉక్కు తీగలుంటాయి. మన రాగి సంకటి కుక్క ఒక్క గుక్కలో మింగివేసే ఆహారం. దానినే బోలు బొమ్మలో కూరి ఇస్తే అరగంట పని దొరుకుతుంది. బొమ్మ కొనలేనివారు పాత నూలుగుడ్డను ముడివేసి, తడిపి, చల్లబరిచి ఇవ్వవచ్చు. చిగుళ్ళ సలుపుకు అది హాయి. గుడ్డ పోగులు ఊడుతుంటే తీసివేయాలి.

ఆదివారం వండిన మాంసంలోని ఎముకలు వేయడం ఇళ్ళలో అలవాటు. ఉడికిన ఎముక చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకొంటుంది. శ్రీనివాసపురం మామిడి కాలంలో మరొక అపాయం: రసం నాకి టెంకను మింగిన కుక్కకు పేగు మూసుకుపోతుంది. మామిడి తిన్నచోట టెంకలు వదలకండి. గన్నేరు కొమ్మ నమలడం ప్రాణాంతకం. మిరపకారం కళ్ళను, ముక్కును మండించడం తప్ప ఏమీ నేర్పదు. పదేపదే వాంతులు, ఆహారం ముట్టకపోవడం, కడుపు ఉబ్బరం కనిపిస్తే ఇంటివైద్యం మాని వెంటనే పశువైద్యశాలకు తీసుకువెళ్ళాలి. మట్టి, గోడ సున్నం అదేపనిగా తినే కుక్కకూ పరీక్ష అవసరం.

ఇంత చెప్పడానికి పౌర కారణం కూడా ఉన్నది. ముద్దుగా తెచ్చుకొన్న పిల్ల ఐదారు నెలలకు మంచం, చెప్పులు, బడి సంచి కొరికివేస్తే, కొందరు దానిని సంత దగ్గరో, పాడుబడిన క్వార్టర్ల దగ్గరో వదలివస్తారు. మరో రెండు నెలలు ఓపిక పడితే తీరిపోయే బాధకు అది జీవితకాలపు శిక్ష. ఇంటి తిండికి అలవాటుపడిన కుక్క వీధిలో ఆకలితో తిరుగుతుంది. టీకా లేకపోతే దానికీ, దారిన పోయే పిల్లలకూ ప్రమాదం. ఆకలి దప్పులపాలు చేసేలా జంతువును విడిచిపెట్టడం కూడా పైన చెప్పిన సెక్షన్ కింద నేరమే. తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె 1960 నాటి ధరల దగ్గరే ఆగిపోయింది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు కుక్కకు నులిపురుగుల మందు, టీకాలు, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించే బాధ్యత యజమానిదే.

చివరగా, ఏ గ్రంథమూ ఊహించని మన ఇంటి సంగతి. ఇక్కడ ఒకే కుక్కకు అవ్వ ‘వదులు’ అంటుంది, పక్కింటివారు ‘విడు’ అంటారు, వీధి పిల్లలు ‘బిడు’ అంటారు, కళాశాల విద్యార్థి ఆంగ్లంలో ఆజ్ఞాపిస్తాడు. మనకు ఒకే అర్థమైనా కుక్కకు అవి నాలుగు వేరు వేరు శబ్దాలు. ఇంటిల్లిపాదీ ఒక్క మాట ఎంచుకోవాలి. కుక్క నోటిలో చెప్పు ఉన్నప్పుడు లాగకూడదు, వెంటబడకూడదు. లాగితే అది ఆట అవుతుంది. దానికి ఇష్టమైన తిండి ముక్కను ముక్కు దగ్గర చూపి, నోరు తెరిచే క్షణంలోనే ఆ మాట పలికి, తిండి ఇచ్చి, తరువాత బొమ్మ అందించాలి. రోజుకు నాలుగైదు సార్లు, విలువలేని వస్తువులతో ఈ అభ్యాసం జరిగితే, కొత్త చెప్పు దొరికిన నాడు ఆ మాట పనిచేస్తుంది. ఏ భాషలోని మాట అన్న వాదన వస్తే, రోజూ దానికి సంకటి పెట్టేవారి భాషకే ఓటు వేయడం అనుకూలం.