ట్రక్కుకు గాలి బ్రేకు: ఒక పైపా, రెండు పైపులా?

కోతలు, నూర్పిళ్లు అయ్యాయంటే రోడ్ల మీద ట్రాక్టర్ల సందడే సందడి. ధాన్యం మిల్లుకు, మిర్చి యార్డుకు, చెరకు ఫ్యాక్టరీకి అన్నీ ట్రక్కుల మీదే పోతాయి. ట్రక్కు అంటే ఇక్కడ ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి, కొన్నిచోట్ల ట్రాలీ అంటారు. దానికి రంగులు వేయిస్తాం, వెనక పేర్లు రాయిస్తాం. బ్రేకు ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. ఊళ్లలో తయారైన ట్రక్కుల్లో చాలావాటికి ఇరుసు, హబ్బు, టైర్లు తప్ప ఆపే సాధనమంటూ ఏదీ ఉండదు. మొత్తం లోడును ముందున్న ట్రాక్టరు వెనక చక్రాలే ఆపాలి.

ఇందులో ఉన్న ప్రమాదం లెక్క వేస్తే తెలుస్తుంది. ట్రాక్టరు బరువు 2 టన్నులు అనుకుందాం. ట్రక్కు సొంత బరువు ఒకటిన్నర టన్ను. దానిలో 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేస్తే నాలుగున్నర టన్నులు. వెనక 6, ముందు 2, మొత్తం 8 టన్నులు. అంటే రెండు టన్నులను ఆపడానికి చేసిన బ్రేకు నాలుగింతల బరువును ఆపాల్సి వస్తోంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఒట్టి ట్రాక్టరు బ్రేకు పట్టాక సుమారు 9 మీటర్లలో ఆగుతుందనుకుంటే, ఈ లోడుతో దగ్గర దగ్గర 35 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చిందని చూసి కాలు పెడల్ మీదికి వెళ్లే ఆ ఒక్క సెకనులోనే ఇంకో 8 మీటర్లు దాటిపోతాం. మొత్తం 43 మీటర్లు! రెండు చక్రాల ట్రక్కు అయితే లోడులో కొంత ట్రాక్టరు వెనక టైర్ల మీద పడి పట్టు కాస్త పెరుగుతుంది, లెక్క కొంచెం తగ్గుతుంది. అంతకుమించి లాభం లేదు. అదే వేగం 15కి తగ్గిస్తే మొత్తం 13 మీటర్లలో బండి ఆగుతుంది. వేగం సగమైతే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. పైసా ఖర్చు లేని బ్రేకు ఇదొక్కటే.

రెండో ప్రమాదం పల్లంలో. లోడు బండి పల్లంలో ఎడ్ల మెడల మీదికి తోసుకొచ్చినట్టే ట్రక్కు ట్రాక్టరును వెనకనుంచి తోస్తుంది. ముందు బండి ఆగాలని చూస్తుంది, వెనకది ఆగదు. అప్పుడు స్టీరింగు కాస్త పక్కకు ఉన్నా ట్రాక్టరు అడ్డం తిరిగి ట్రక్కు దాని మీదికి మడతపడుతుంది. కాల్వగట్టు దిగేచోట, వంతెన దిగేచోట బండ్లు పల్టీ కొట్టడానికి ఇదొక పెద్ద కారణం. దీనికితోడు డీజిలు కలిసొస్తుందని పల్లంలో న్యూట్రల్ చేసే అలవాటు ఒకటి ఉంది. న్యూట్రల్ చేస్తే ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకు మీదే పడుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడతామో దిగేటప్పుడూ అదే వాడాలి.

ఇక గాలి బ్రేకు సంగతికి వద్దాం. లారీలకు ఉండేదే ఇది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ గాలిని ట్యాంకులోకి ఎక్కిస్తుంది. గేజి మీద 6 నుంచి 8 కిలోలు చూపిస్తే గాలి నిండినట్టు. పెడల్ తొక్కగానే వాల్వు తెరుచుకుని గాలి ట్రక్కు ఇరుసు దగ్గరున్న చాంబర్లలోకి పోతుంది. చాంబరులోని రబ్బరు డయాఫ్రమ్ ఒక రాడ్డును తోస్తుంది, రాడ్డు స్లాక్ అడ్జస్టరును తిప్పుతుంది, దాంతో డ్రమ్ములో షూలు విచ్చుకుని పట్టేస్తాయి. ఈ చాంబరు బలం తక్కువేం కాదు. డయాఫ్రమ్ వైశాల్యం 24 చదరపు అంగుళాలు ఉంటే, 6 కిలోల గాలి దాన్ని తోసే బలం 9 క్వింటాళ్లకు పైమాటే.

మెకానిక్కు షాపుకు వెళ్లిన రైతు అడిగే మొదటి మాట, ‘‘మేస్త్రీ, గాలి బ్రేకు కిట్టు ఎంత?’’ ఈ ప్రశ్నతోనే చిక్కు. కిట్టు కన్నా ముందు ఇరుసు చూడాలి. డ్రమ్ములు లేని ఒట్టి ఇరుసుకు ఎంత గాలి ఎక్కించినా ఏం ప్రయోజనం? బ్రేకు డ్రమ్ములు, షూలు ఉన్న ఇరుసు వేయించాలి. అసలు ఖర్చు దానికే అవుతుంది. పాత లారీ ఇరుసు కోసి అతికించేవాళ్లు ఉన్నారు. ఇరుసు మీద అడ్డంగా వెల్డింగు పడితే అది లోడులో విరిగే ప్రమాదం ఉంది కాబట్టి అతుకు లేని ఇరుసే తీసుకోవాలి.

తర్వాత అడగాల్సింది, ‘‘పైపులు ఎన్ని?’’ అసలు విషయమంతా ఇక్కడే ఉంది. చౌక కిట్లలో ట్రాక్టరు నుంచి ట్రక్కుకు ఒకే పైపు వస్తుంది. పెడల్ తొక్కితే గాలి దానిలోంచి నేరుగా చాంబర్లకు పోతుంది. బాగానే పట్టేస్తుంది కూడా. కానీ ఆ పైపు పగిలినా, ఊడినా ట్రక్కుకు బ్రేకు లేనట్టే, అదీ తొక్కినప్పుడు గానీ తెలియదు. ఎత్తు ఎక్కుతుండగా హుక్కు పిన్ను ఊడిపోతే ట్రక్కు వెనక్కి జారి ఎవరి మీదికి పోతుందో చెప్పలేం.

రెండు పైపుల పద్ధతి అలా కాదు. ఇందులో ట్రక్కుకు సొంత గాలి ట్యాంకు, దానికో ఎమర్జెన్సీ వాల్వు ఉంటాయి. ఒక పైపులో ఎప్పుడూ గాలి ఉండి ట్రక్కు ట్యాంకును నింపుతూ ఉంటుంది. సాధారణంగా దీనికి ఎరుపు రంగు గుర్తు. రెండోదానిలో, అంటే పసుపు పైపులో, పెడల్ తొక్కినప్పుడే గాలి వస్తుంది. అది వాల్వుకు కబురు మాత్రమే అందిస్తుంది, చాంబర్లకు గాలి ట్రక్కు ట్యాంకు నుంచే పోతుంది. దగ్గర్లోనే గాలి ఉంది గనుక వెంటనే పట్టేస్తుంది. పిన్ను ఊడి ట్రక్కు విడిపోయిందనుకోండి, ఎర్ర పైపు తెగుతుంది. ఆ పైపులో గాలి పడిపోగానే వాల్వు తనంతట తాను ట్రక్కు ట్యాంకులోని గాలిని బ్రేకులకు వదిలేస్తుంది. ఎవరూ తొక్కకుండానే ట్రక్కు ఆగుతుంది. గాలి పోయింది కాబట్టే బ్రేకు పడుతుందన్నమాట. ఖర్చు ఎక్కువే అయినా, పెడితే రెండు పైపులదే పెట్టించాలని నా అభిప్రాయం. ఒక పైపుది పెట్టించుకుని ధైర్యంగా 30, 40లో తోలడం కన్నా బ్రేకు లేదని తెలిసి 15లో పోవడమే మేలు.

బిగించాక మేస్త్రీ మాట మీద వదిలేయకుండా అక్కడే నాలుగు పరీక్షలు చేయించండి. గాలి నిండాక ఇంజను ఆపి, పెడల్ తొక్కి పట్టుకుని మూడు నిమిషాలు గేజి చూడండి. మొదట కాస్త తగ్గి నిలబడాలి. దిగుతూనే ఉంటే ఎక్కడో కారుతున్నట్టే, అతుకులన్నిటికీ సబ్బునీళ్లు రాస్తే బుడగలు చెబుతాయి. తర్వాత బండి చదునులో ఆపి ఎర్ర పైపు ఊడదీయండి. బుస్సుమని ట్రక్కు బ్రేకులు బిగుసుకోవాలి. చిన్న గేరులో లాగితే టైర్లు తిరగకూడదు. ఈ పరీక్షలో తప్పితే డబ్బులు ఇవ్వొద్దు. ఆఖరుకు ఖాళీ ట్రక్కుతో మట్టిదారిలో 10 కిలోమీటర్ల వేగంలో బ్రేకు కొట్టి దిగి చూడండి. రెండు టైర్ల జాడలు సమంగా ఉండాలి. ఒకటే ఈడ్చుకుపోతే స్లాక్ అడ్జస్టర్లు సరిచేయించాలి. ట్రక్కు బ్రేకు ట్రాక్టరుది కన్నా పిసరంత ముందే పట్టాలి. ఆలస్యమైతే తోపుడు మళ్లీ మొదటికొస్తుంది.

మందు కొట్టే మిషను పైపు, ఇనప తీగ చుట్టిన అతుకులు దీనికి పనికిరావు. గాలి బ్రేకు హోస్ పైపే వాడాలి. మలుపులో లాగకుండా కాస్త వదులు ఉండాలి గానీ టైరుకు రాసుకునేంత కాదు. ట్యాంకు అడుగున ఉన్న కాకు రోజూ సాయంత్రం తిప్పి నీళ్లు వదలాలి. గాలిలోని తేమ నీరై ట్యాంకును తుప్పు పట్టిస్తుంది, వాల్వులు అంటుకుపోతాయి. నీళ్లతో నూనె కూడా వస్తుంటే కంప్రెసర్ రింగులు అరిగాయని అర్థం. గేజి 4 కిలోలకు దిగితే బండి కదపొద్దు.

లోడు ట్రక్కును రాత్రికి వదిలేటప్పుడు గాలి బ్రేకును నమ్మొద్దు. ఎర్ర పైపు తీయగానే బ్రేకు పడ్డా, తెల్లవారేసరికి గాలి మెల్లగా కారిపోయి షూలు వదిలేస్తాయి. స్ప్రింగు చాంబరు ఉంటేనే గాలి లేకున్నా పట్టి ఉంచుతుంది. అది ఉన్నా లేకున్నా చక్రాల కింద రాళ్లు పెట్టాల్సిందే.

పికప్ వెనక ట్రక్కు తగిలిద్దామనే ఆలోచన కొందరు యువకుల్లో ఉంది. పికప్‌లకు బ్రేకు ఆయిలుతో పనిచేసే బ్రేకులు ఉంటాయి గానీ గాలి కంప్రెసర్ ఉండదు. విడిగా కంప్రెసర్, ట్యాంకు పెట్టాలి. బ్రేకు ఆయిలు లైనును మధ్యలో కోసి వాల్వు కలిపితే అక్కడ కారిననాడు పికప్ బ్రేకూ పోతుంది. పైగా రిజిస్ట్రేషనులో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కట్టడి చేస్తుంది. రవాణా ఆఫీసులో అడగకుండా ఆ పని పెట్టుకోవద్దు.

ట్రాక్టరు లేని రైతులే మనలో ఎక్కువ. కిరాయికి మాట్లాడేటప్పుడు రేటుతోపాటు, ‘‘ట్రక్కుకు బ్రేకుందా, తమ్ముడూ?’’ అని కూడా అడగండి. లేదంటే బస్తాలు తగ్గించి రెండు ట్రిప్పులు వేయించండి. రోడ్డెక్కే ముందు ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లను కలిపే గొళ్లెం వేశాడో లేదో చూడండి. దుక్కిలో విడివిడిగా వాడి మరిచిపోతుంటారు. లోడుతో రోడ్డు మీద ఒక్క పెడల్ తొక్కితే బండి ఆ పక్కకు తిరిగిపోతుంది. బస్తాల మీద కూలీలను మాత్రం ఎక్కనివ్వొద్దు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలను ఎక్కించుకున్న ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది పోయారు. పొలం పనికి వెళుతున్నవాళ్లే వాళ్లంతా.