ఆపరేషన్‌ ముందు ఏ మాత్ర ఆపాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. వచ్చే నెల మోకీలు మార్పిడి ఆపరేషన్. షుగర్, బీపీ మాత్రలతో పాటు, గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఆస్పిరిన్ వాడుతున్నారు. బంధువులు అన్నీ ఆపేయమంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండమ్మా. ఆస్పిరిన్ రక్తాన్ని తేలిగ్గా గడ్డకట్టనివ్వదు. ఆపినా ఆ ప్రభావం వారం, పది రోజులు ఉంటుంది. అందుకే రక్తస్రావం భయం. కానీ స్టెంట్ ఉన్నవారు హఠాత్తుగా మానేస్తే అందులో గడ్డ ఏర్పడి గుండెపోటు రావచ్చు. ఇది సర్జన్, గుండె డాక్టర్, మత్తు డాక్టర్ కలిసి తేల్చాల్సిన విషయం.

షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్నాయేమో చూడండి. వీటిని సాధారణంగా 3 రోజుల ముందే ఆపిస్తారు. లేదంటే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. బీపీ మాత్రల్లో కొన్ని ఆపరేషన్ రోజు ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి, కొన్ని వద్దు.

నొప్పి మాత్రలు, ఆయుర్వేద మందులు సహా అన్నీ స్ట్రిప్పులతో సంచిలో వేసుకుని ఆస్పత్రిలోని క్లినికల్ ఫార్మసిస్టును ఇప్పుడే కలవండి. ఏది ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి. ఆ రెండోదే చాలామంది మరిచిపోతారు, నా బెంగంతా దాని గురించే. డిశ్చార్జి రోజు పాత, కొత్త చీటీలు రెండూ చూపించండి. ఒకే మందు రెండు పేర్లతో ఉండొచ్చు.

ఛాతీనొప్పి, ఆయాసం, ఆగని రక్తం, నల్లటి విరేచనం, పిక్కలో వాపు, వదలని వాంతులు కనిపిస్తే ఫోన్‌లో సలహాలు అడుగుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. బండి లేకపోతే 108కి చేయండి.