పాత బండితో చిన్న క్రేన్

ఎవుసంలో బరువు ఎత్తని రోజు ఉండదు. ఎరువు బస్తా ఎత్తాలి, ధాన్యం బస్తా ఎత్తాలి. పాడైన మోటారును రిపేరుకు తీసుకుపోవాలంటే బండిలోకి ఎక్కించాలి. గాలివానకు తోటలో చెట్టు పడితే మొద్దును తీయాలి. యూరియా బస్తా 45 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం బస్తా 40 కిలోలు. ఇవన్నీ వీపు మీద మోసి మోసి ఎంతమంది నడుములు పోయాయో మనకు తెలుసు.

బరువులు ఎత్తే యంత్రాన్ని క్రేన్ అంటారు. క్రేన్ అనేది ఇంగ్లీషులో కొంగలాంటి ఒక పొడుగు మెడ పక్షి పేరు. యంత్రం కూడా మెడ చాచినట్టు ఉంటుంది, అందుకే ఆ పేరు. పాత బండితో చిన్న క్రేన్ ఎలా చేసుకోవచ్చో, అది బోల్తా పడకుండా ఏ లెక్క చూడాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

మన పెద్దల యంత్రాలు

లింగంపేటలో నాగన్న బావి ఉంది. అది మెట్ల బావి. అలాంటి బావిలో నీళ్ల కోసం మనిషే మెట్లు దిగాలి, మనిషే మోసుకొని ఎక్కాలి.

మోట బావి దగ్గర అట్లా కాదు. గిరక మీద మోకు వేసి, దానికి తోలు బొక్కెన కట్టేవాళ్లు. ఎడ్లు పల్లానికి నడిస్తే నీళ్లు పైకి వచ్చేవి. బరువును మనిషి మొయ్యలేదు. ఎడ్లు గుంజాయి, గిరక తిరిగింది.

ఏతం ఇంకో తెలివైన యంత్రం. పొడుగు దూలానికి ఒక కొసన బొక్కెన, ఇంకో కొసన బరువు. నడుమ ఒక ఆధారం. వెనక బరువు సరిగ్గా ఉంటే ఒక్క మనిషి కూడా నీళ్లు తోడగలడు. ఈ ఏతాన్ని గుర్తుపెట్టుకోండి. మన క్రేన్ లెక్క అంతా ఇందులోనే ఉంది.

ఏ బండి తీసుకోవాలి?

విదేశాల్లో రైతులు పొలాల్లో తిరగడానికి నాలుగు చక్రాల చిన్న మోటారు బండి వాడతారు. దాన్ని క్వాడ్ బైక్ అంటారు. అది పాతబడితే కొందరు అగ్గువకు కొని, దూలం బిగించి, తోటలో క్రేన్‌గా వాడుకుంటారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు మన రైతుల దగ్గర ఆ బండ్లు ఉండవు. కాని మూడు చక్రాల పాత ట్రాలీ ఆటోలు ఉంటాయి. మనకు దాని చట్రం, చక్రాలు బాగుంటే చాలు. ఇంజను పాడైనా ఫర్వాలేదు.

ఇట్లా మార్చడం పెద్ద చదువులు చదివినవాళ్లకే సాధ్యమా? గుజరాత్‌లో అమ్రేలి జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయ్ జగాని, ఎడ్ల కరువులో బుల్లెట్ మోటారు సైకిలును దున్నే బండిగా మార్చాడు. వెనక ఒక్క చక్రం తీసి రెండు చక్రాలు పెట్టి, పనిముట్లు తగిలించాడు. మన తెలంగాణలో ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆపేశాడు. చీరలకు ఆసు పోసి పోసి తల్లి చేతులు నొప్పి పెడుతుంటే చూడలేక ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

బండి కొనేముందు ఆర్.సి. కాగితం అడిగి చదవండి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్న నంబర్లతో సరిపోవాలి. రవాణా శాఖ ఆఫీసులో రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా మార్చిన బండిని రోడ్డు మీద నడపకూడదు. మన క్రేన్ చేనులో, తోటలో చేత్తో నెట్టుకునేది మాత్రమే.

ఎలా మార్చాలి?

1. ముందుగా డీజిలు లేక పెట్రోలు ట్యాంకును, బ్యాటరీని, ఇంజనును తీసేయాలి. ట్యాంకు ఖాళీగా ఉన్నా దాని దగ్గర వెల్డింగ్ చేయొద్దు. లోపల మిగిలిన ఆవిరి అంటుకొని పేలుతుంది.

2. వెనక స్ప్రింగులు ఆడకుండా ఇనుప పట్టీలతో బిగించాలి. స్ప్రింగు కుంగితే దూలం వంగుతుంది.

3. వెనక చక్రాల ఇరుసు మీద నిలువు స్తంభం, దాని మీద ఏటవాలు దూలం నిలబెట్టాలి. దూలం కింద ఆసరా కడ్డీ ఉండాలి. ఎంత మందం ఇనుము కావాలో అనుభవం ఉన్న వెల్డింగ్ మిస్త్రీని అడగండి. ఎంత బరువు ఎత్తుతారో ఆయనకు ముందే చెప్పండి.

4. దూలం నేరుగా వెనక్కే చూడాలి. పక్కకు తిరగకూడదు. మూడు చక్రాల బండి పక్కకు తొందరగా పడుతుంది.

5. డ్రైవరు సీటు ఉన్న చోట ఇనుప పెట్టె బిగించి రాళ్లు నింపాలి. ఏతానికి వెనక కట్టిన బరువు వంటిదే ఇది. రాళ్లు జారకుండా మూత వేయాలి.

6. స్తంభానికి బ్రేకు ఉన్న చేతి వించ్ బిగించాలి. వించ్ అంటే పిడి తిప్పితే ఇనుప తాడును చుట్టుకునే డ్రమ్ము. పిడి వదిలినా బరువు కిందికి జారకూడదు. అట్లాంటిదే కొనాలి.

7. తాడు కొసన కొక్కెం ఉండాలి. దానికి తాడు ఊడిపోకుండా నాలుక ఉండాలి. ఇనుప తాడులో పోగులు తెగి కనబడితే ఆ తాడు పనికిరాదు.

గిరక గురించి ఒక మాట. దూలం కొసన ఒక్క గిరక ఉంటే బరువు తగ్గదు, గుంజే దిక్కు మాత్రం మారుతుంది. కొక్కెం దగ్గర ఇంకో గిరక పెట్టి, తాడు కొసను మళ్లీ దూలానికి కడితే వించ్ మీద సగం బరువే పడుతుంది. 60 కిలోలు 30 కిలోల లెక్కన వస్తాయి. కాని బరువు 1 అడుగు లేవాలంటే 2 అడుగుల తాడు చుట్టాలి. బలం తగ్గింది, తాడు పెరిగింది. గిరక ఏదీ ఊరికే ఇవ్వదు.

అసలు లెక్క

ఇనుము గట్టిగా ఉంది, తాడు గట్టిగా ఉంది. అయినా క్రేన్ ప్రమాదం చేయవచ్చు. ఎట్లా? బండి ముందు చక్రం గాలిలోకి లేచి, మొత్తం వెనక్కి బోల్తా పడుతుంది. అందుకే ముందే లెక్క చేయాలి.

బస్తాలు తూచే కాంటా తెచ్చుకోండి. దూలం, రాళ్ల పెట్టె అన్నీ బిగించాక, ముందు చక్రం ఒక్కదాన్నే కాంటా మీద పెట్టండి. వెనక చక్రాల కింద కూడా అంతే ఎత్తు చెక్కలు పెట్టండి. కాంటా 100 కిలోలు చూపించింది అనుకుందాం.

ఇప్పుడు ముందు చక్రం నడిమి నుంచి వెనక ఇరుసు దాకా కొలవండి. 6 అడుగులు వచ్చింది అనుకుందాం.

100 × 6 = 600

ఇది మన బండి నిలబడే బలం.

తర్వాత కొక్కానికి దారంతో చిన్న రాయి కట్టి వేలాడదీయండి. ఆ రాయి నేలకు తగిలే చోటు నుంచి వెనక ఇరుసు దాకా కొలవండి. 4 అడుగులు అనుకుందాం.

600 ÷ 4 = 150

అంటే కొక్కానికి 150 కిలోలు తగిలిస్తే ముందు చక్రం లేస్తుంది. మరి 140 కిలోలు ఎత్తవచ్చా? వద్దు. బరువు ఊగుతుంది, నేల కుంగుతుంది, తాడు ఒక్కసారిగా గుంజుతుంది. అందుకే వచ్చిన దాంట్లో సగమే ఎత్తాలి.

150లో సగం 75 కిలోలు.

అదే దూలాన్ని ఇంకా కిందికి వంచితే కొక్కెం దూరం జరుగుతుంది. 6 అడుగులు అయిందనుకోండి. 600 ÷ 6 = 100. సగం 50 కిలోలు. బండి అదే, రాళ్లు అవే. దూరం పెరిగింది కాబట్టి ఎత్తే బరువు తగ్గింది. కాబట్టి “ఎంత బరువు?” అని ఒక్కటే అడిగితే చాలదు. “ఎంత దూరంలో?” అని కూడా అడగాలి. ఈ రెండు అంకెలను దూలం మీద రంగుతో పెద్దగా రాయండి. అప్పుడు పనికి వచ్చిన ప్రతి మనిషీ చదువుకుంటాడు.

అక్క చేసిన లెక్క

ఒక ఇంట్లో అక్కా తమ్ముడూ ఇట్లా మాట్లాడుకున్నారు అనుకుందాం.

“అక్కా, మన క్రేన్ తయారైంది కదా! బోరు మోటరు చెడిపోయింది. దీంతోనే గుంజుదామా?”

“ఆగు తమ్మీ. బోరులో పైపులు ఎన్ని ఉన్నయి?”

“పది. 2 అంగుళాల ఇనుప పైపులు. ఒక్కోటి 20 అడుగులు.”

“ఒక్కో పైపు 30 కిలోల దాకా ఉంటది. పది పైపులకు ఎంత?”

“300.”

“మోటరు, పంపు కలిపి 60 అనుకో. మొత్తం 360. పైపుల నిండా నీళ్లు నిలిస్తే ఒక్కో పైపులో ఇంకో 13 కిలోలు. అవి 130. మొత్తం ఎంతైతది?”

“490. అమ్మో! మన క్రేన్ ఎత్తేది 75 కిలోలే!”

“అందుకే వద్దంటున్న. బోరు మోటార్లు తీసే బండివాళ్లను పిలువు. మన క్రేన్ తీసిన మోటరును ట్రాలీలకు ఎక్కించే పనికి ఉంచు.”

అక్క గుణించింది, కూడింది. తమ్ముడు ప్రమాదం నుంచి తప్పించుకున్నాడు.

మరిచిపోకూడని జాగ్రత్తలు

కరెంటు వైర్లు: అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. బోరు మోటారు తీస్తుంటే ఇనుప పైపు వైర్లకు తగిలి మనుషులు చనిపోయిన వార్తలు తెలంగాణలో ఎన్నోసార్లు పత్రికల్లో వచ్చాయి. క్రేన్ దూలం కూడా ఇనుమే. పని మొదలు పెట్టేముందు తల ఎత్తి చూడండి. దూలం నిటారుగా లేచినా, బండి ఒరిగినా, వైరుకు ఇంకా 10 అడుగులకు పైగా దూరం మిగలాలి. అంత దూరం లేకపోతే అక్కడ పని చేయొద్దు. తెగిన వైర్లు, వేలాడే వైర్లు కనిపిస్తే 1912 నంబరుకు ఫోన్ చేయండి. ఎవరికైనా కరెంటు తగిలితే ముట్టుకోవద్దు. ముందు కరెంటు ఆపించాలి, 108కి ఫోన్ చేయాలి.

నేల: చదునైన గట్టి నేల మీదే నిలబెట్టండి. నల్లరేగడిలో చక్రాల కింద మందం చెక్కలు వేయండి. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి.

మొదటి పరీక్ష: ఇసుక బస్తాలతో చేయండి. 75 కిలోల క్రేన్ అయితే 90 కిలోల ఇసుకను జానెడు ఎత్తు లేపి, పది నిమిషాలు ఉంచండి. అతుకులు పగిలాయా, దూలం వంగిందా చూడండి.

ప్రతిసారీ: జానెడు లేపి ఆగండి, ముందు చక్రం చూడండి. అది నేల వదిలితే వెంటనే దించండి. బరువు వేలాడుతుండగా క్రేన్‌ను నెట్టొద్దు. ట్రాలీనే బరువు కిందికి తెచ్చి, దాంట్లోకి మెల్లగా దించండి. వేలాడే బరువు కింద ఎవరూ నిలబడొద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.

మనిషి: దీంతో మనిషిని ఎత్తొద్దు. బావిలోకి దించొద్దు. ఎంత తొందర ఉన్నా సరే.

కొత్త మాటలు చదవండి, రాయండి

చట్రం, ఇరుసు, దూలం, గిరక, కొక్కెం, వించ్, కాంటా, బోల్తా.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఏతానికి వెనక బరువు ఎందుకు కడతారు? మన క్రేన్‌లో ఆ పని ఏది చేస్తుంది?

2. మీ ఊళ్లో బరువులు ఎక్కువగా మోసేది ఎవరు? వారి పనిని ఏ యంత్రం తేలిక చేయగలదు?

3. మీ చేను మీదుగా కరెంటు వైర్లు ఎక్కడెక్కడ పోతున్నాయి? బొమ్మ గీసి చూపించండి.

లెక్క చేయండి

1. ముందు చక్రం 120 కిలోలు. ముందు చక్రం నుంచి వెనక ఇరుసుకు 6 అడుగులు. కొక్కెం దూరం 4 అడుగులు. ఎంత బరువు ఎత్తవచ్చు?

2. ముందు చక్రం 100 కిలోలు. వెనక ఇరుసుకు 6 అడుగులు. కొక్కెం దూరం 5 అడుగులు. సిమెంటు బస్తా ఒకటి ఎత్తవచ్చా? రెండు ఎత్తవచ్చా?

3. పాఠంలోని 75 కిలోల క్రేన్‌తో 40 కిలోల ధాన్యం బస్తాలు రెండు ఒకేసారి ఎత్తవచ్చా?

జవాబులు: 1. 90 కిలోలు. 2. 60 కిలోల దాకా ఎత్తవచ్చు. ఒక బస్తా సరే, రెండు వద్దు. 3. వద్దు. రెండు బస్తాలు 80 కిలోలు. ఒకదాని తర్వాత ఒకటి ఎత్తాలి.