తారురోడ్డు మీద జీపు ఎందుకు బిగుసుకుంటుంది?

బురదలో దిగబడిన జీపులో డ్రైవరు ఒక చిన్న లీవరు వేస్తాడు. అంతవరకు వెనుక చక్రాలకే అందే ఇంజను శక్తి అప్పుడు ముందు చక్రాలకూ అందుతుంది. ఎండిన తారురోడ్డు ఎక్కగానే ఆ లీవరు తీసేస్తాడు. ఎందుకు? నాలుగు చక్రాలూ లాగితే మంచిదే కదా!

చిక్కంతా మలుపులోనే. రెండు ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లనుకోండి. వెనుక ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే ముందుదాని వ్యాసార్ధం ఎంత? పైథాగరస్ సిద్ధాంతం మీకు వచ్చినదే: 36 + 4 = 40; వర్గమూలం సుమారు 6.32. పావు వృత్తం తిరిగేసరికి వెనుక ఇరుసు 9.42 మీటర్లు, ముందు ఇరుసు 9.93 మీటర్లు నడుస్తాయి. అర మీటరు తేడా! కాని లీవరు వేశాక రెండు ఇరుసులనూ తిప్పే షాఫ్టులు ఒకదానితో ఒకటి ముడిపడి, ఒకే వేగంతో తిరగక తప్పదు.

బురదలో టైరు కాస్త జారి ఈ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు జారనివ్వదు. అందుకని షాఫ్టులు తడిగుడ్డ పిండినట్లు మెలిపడతాయి. స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు పట్టినట్లు బండి ఆగిపోబోతుంది, చివరకు టైరు కీచుమంటూ గెంతుతుంది. ఆ మెలి వదలనిదే ఒక్కోసారి లీవరు కూడా ఊడిరాదు. కొంచెం వెనక్కు నడిపితే వదులుతుంది.

1977లో రష్యాలో తయారీ మొదలైన లాడా నీవా కారులో రెండు షాఫ్టుల మధ్య ఒక డిఫరెన్షియల్ ఉంది. అది వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. ఈ కారును పొడిరోడ్డు మీద మలుపు తిప్పినా డ్రైవరుకు ఏ బిగింపూ తెలియకూడదు. తెలిసిందంటే, బురద కోసం ఆ డిఫరెన్షియల్‌ను బిగించే మీట వేసి మరచిపోయాడేమో చూసుకోవాలి!