వృత్తి పత్రికకు వ్యాసం రాయడం ఎలా?

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (సోషియాలజీ)

మన హాస్టల్‌లో చదువుకుని వెళ్ళిన అన్నలు, అక్కలు ఈనాడు ఉపాధ్యాయులుగా, నర్సులుగా, ఇంజనీర్లుగా, వ్యవసాయ శాఖ ఉద్యోగులుగా పనిచేస్తున్నారు. ప్రతి రంగానికీ తనవైన పత్రికలు ఉంటాయి. ఆ రంగంలోని వారే వాటికి రాస్తారు, ఆ రంగంలోని వారే చదువుతారు. ఉపాధ్యాయులకు 'ఐక్య ఉపాధ్యాయ', శాస్త్రజ్ఞులకు 'కరెంట్ సైన్స్', సామాజిక శాస్త్రాల వారికి 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' అలాంటివి. వాటికి రాయమంటే మాత్రం మనలో చాలామంది "మనకేం తెలుసు, పెద్దవాళ్ళు రాస్తారులే" అని వెనక్కి తగ్గుతారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. చెప్పేవారు ఇంట్లో లేనప్పుడు ఈ బెరుకు సహజమే. కానీ మనం రాయకపోతే మన పని గురించి, మన ఊళ్ళ గురించి బయటివారే రాస్తారు. వారు చూసినంతే పుస్తకాలకు ఎక్కుతుంది. అందుకే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇప్పటినుంచే ఈ విద్య నేర్చుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనకు దారి చూపే వ్యాసం

బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్ళిన డా. బి.ఆర్. అంబేద్కర్ 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక వ్యాసం చదివారు. అది గోల్డెన్‌వైజర్ అనే ఆచార్యుడు నడిపే మానవశాస్త్ర సెమినార్. అప్పుడు అంబేద్కర్ వయసు 25 ఏళ్ళు. 'కాస్ట్స్ ఇన్ ఇండియా' అనే ఆ వ్యాసం 1917 మేలో 'ఇండియన్ యాంటిక్వరీ' అనే పరిశోధన పత్రికలో అచ్చయింది. మహారాష్ట్ర ప్రభుత్వం 1979లో వేసిన ఆయన రచనల మొదటి సంపుటంలో మొదట ఉన్నది ఇదే. దాన్ని కులం గురించి తెలుసుకోవడానికి చదువుతాం. వ్యాసం ఎలా కట్టాలో నేర్చుకోవడానికి కూడా చదవవచ్చు.

1. విషయాన్ని కుదించుకోవాలి

కుల సమస్య చాలా పెద్దదని అంబేద్కర్ మొదట్లోనే చెప్పారు. తనకన్నా సమర్థులు దానిపై రాశారనీ ఒప్పుకున్నారు. అంతమాత్రాన కలం కింద పెట్టలేదు. కులం పుట్టుక, పనిచేసే తీరు, వ్యాప్తి అనే అంశాలకే పరిమితమవుతానని గీత గీసుకున్నారు.

మనం కూడా అలాగే చేయాలి. 'విద్యారంగ సమస్యలు' అని ఒక ఉపాధ్యాయుడు రాస్తే అందులో కొత్త మాట ఉండటం కష్టం. 'మా బడిలో మూడో తరగతి పిల్లలు ఒత్తులు ఎక్కడ తప్పు రాస్తున్నారు, నేనేం చేశాను' అని రాస్తే మరో ఉపాధ్యాయుడు మర్నాడే తన తరగతిలో వాడుకోగలడు. 'ఆరోగ్య అవగాహన' కన్నా 'టీకాల రోజున తల్లులు అడిగే ప్రశ్నలు' మేలైన విషయం. మొదలుపెట్టే ముందు మీరు చెప్పదలచింది ఒక్క వాక్యంలో రాసి చూసుకోండి. ఆ వాక్యం కుదరలేదంటే విషయం ఇంకా తేలలేదని అర్థం.

2. పాఠకుడు ఎవరో గుర్తుంచుకోవాలి

ఆ సెమినార్‌లో కూర్చున్నవారు మానవశాస్త్రం చదివేవారు. అందరూ చూసి ఉండే వస్తు ప్రదర్శనల మాటతో మొదలుపెట్టి, మనుషులు కట్టుకున్న వ్యవస్థలను కూడా అలా ప్రదర్శించవచ్చంటూ అంబేద్కర్ వారిని విషయంలోకి తీసుకెళ్ళారు.

వృత్తి పత్రిక పాఠకుడికి ఆ పని తెలుసు. నర్సులకు రాస్తూ బి.పి. అంటే ఏమిటో ఒక పేజీ వివరించనక్కరలేదు. వారికి తెలియనిది మీ అనుభవంలో ఏముందో అది చెప్పాలి. అలాగే వ్యాసం ప్రకటన కాకూడదు. ఫలానా మందు కొనండి, ఫలానా కోచింగ్‌లో చేరండి అన్న మాట కనబడితే పాఠకుడికి మిగతా వ్యాసం మీద కూడా నమ్మకం పోతుంది.

3. ముందువారు చెప్పింది చదవాలి, పేరు చెప్పాలి

అంబేద్కర్ తన మాట చెప్పడానికి ముందు సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ అనే నలుగురు కులానికి ఇచ్చిన నిర్వచనాలను వరుసగా పరిశీలించారు. ఎవరి మాట ఎక్కడ సరిపోదో చెప్పారు. కేత్కర్ చెప్పినదాంట్లో పనికొచ్చేదాన్ని పేరుపెట్టి తీసుకున్నారు. ఆ తరువాతే, తమ గుంపులోనే పెళ్ళిళ్ళు చేసుకోవడమే కులానికి అసలు లక్షణమని తన వాదన నిలబెట్టారు.

పేరు చెప్పి తీసుకుంటే అది చదువు, చెప్పకుండా తీసుకుంటే దొంగతనం. యు.జి.సి. 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే తప్పు కింద లెక్క. థీసిస్‌లో అది 40 శాతం లోపు ఉంటే 6 నెలలకు మించని గడువులో సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం వరకు ఉంటే ఏడాదిపాటు మళ్ళీ సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

ఇప్పుడు చాట్‌జీపీటీ వంటి వాటితో వ్యాసాలు రాయించేవారు ఉన్నారు. అవి ఒక్కోసారి లేని పుస్తకాన్ని, లేని లెక్కను ఉన్నట్టే చెబుతాయి. అచ్చయ్యాక జవాబు చెప్పాల్సింది మాత్రం మనమే. మీరు స్వయంగా చూడని పుస్తకాన్ని ఆధారంగా చూపకండి.

4. ఆవేశం కాదు, ఆధారం కావాలి

మనకు కోపం తెప్పించే విషయాలు చాలా ఉన్నాయి. ఆ కోపం న్యాయమైనదే. అయితే శాస్త్రంలో ఆవేశానికి చోటివ్వకూడదని, దేన్నయినా నిష్పక్షంగా చూడాలని అంబేద్కర్ ఆ వ్యాసం చివర చెప్పారు. తన వాదన నిలవదని ఎవరైనా చూపిస్తే దాన్ని వదులుకోవడానికీ సిద్ధమన్నారు. కులం గురించి అంబేద్కరే ఇలా రాయగలిగితే మనం కూడా ప్రయత్నించవచ్చు.

'చాలామంది పిల్లలు బడి మానేస్తున్నారు' అనడం కన్నా, హాజరు పట్టీ చూసి ఎంతమందిలో ఎంతమంది, ఏ నెలలో మానారో రాయండి. లెక్క ఎలా తీశారో కూడా చెప్పండి. మీ లెక్క ఒక్క బడికి సంబంధించినదైతే రాష్ట్రమంతటికీ అంటగట్టకండి. పిల్లల పేర్లు, రోగుల వివరాలు రాయకూడదు. ఫోటో వేయాలంటే వారి అనుమతి తీసుకోవాలి.

5. పంపే ముందు చూసుకోవలసినవి

– ఆ పత్రిక పాత సంచికలు రెండు మూడు చదవండి. ఎన్ని పదాలు అడుగుతున్నారో, ఎలా పంపమంటున్నారో చూడండి.
– శీర్షిక చూడగానే విషయం తెలియాలి.
– పూర్తయ్యాక రెండు రోజులు పక్కన పెట్టి, తరువాత పైకి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యాన్ని విడగొట్టండి.
– ఆ పనిలో ఉన్న ఒకరికి, ఆ పని తెలియని ఒకరికి చూపించండి.
– ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి.
– డబ్బు కడితే వారంలో అచ్చు వేస్తామనే పత్రికల జోలికి పోకండి. వ్యాసాన్ని ఎవరూ పరిశీలించకుండా వేసే చోట పేరు కనబడితే గౌరవం పెరగదు.
– తిరిగి వస్తే నిరాశపడకండి. సంపాదకుడు కారణం రాస్తే అది మీకు ఉచితంగా దొరికిన పాఠం. సరిదిద్ది మళ్ళీ పంపండి.

మిత్రులారా! మన అమ్మానాన్నలకు పొలం పని, తోలు పని, మగ్గం పని, భవన నిర్మాణం పని చేతుల్లో ఉంది. ఆ జ్ఞానాన్ని కాగితం మీద పెట్టే అవకాశం వారికి రాలేదు. మనకు వచ్చింది. మనలో ఒకరు నిజాయితీగా రాసిన వ్యాసం అచ్చయితే, తరువాత రాసే హాస్టల్ పిల్లవాడికి కాస్త ధైర్యం వస్తుంది.

వచ్చే వార్షికోత్సవ సంచికకు ప్రతి ఒక్కరూ తాము దగ్గరనుంచి చూసిన ఒక పని గురించి ఒక పేజీ రాయాలని కోరుతున్నాను. అక్కడ రాసిన చెయ్యి రేపు వృత్తి పత్రికకు వెరవదు.