పసికట్టుట, ఉసికొల్పుట: కుందేటివేట కుక్కల శిక్షణను గూర్చిన రెండు గ్రీకు గ్రంథములు

పసికట్టు, ఉసికొల్పు అను రెండు క్రియలు నేటి తెలుగున కుక్కతోడి సంబంధమును దాదాపుగ కోల్పోయినవి. అధికారులు కుట్రను పసికట్టుదురు. నాయకులు జనమును ఉసికొల్పుదురు. కాని పసి యనగా జంతువు మేని వాసన. దానిని ముక్కుతో అందుకొనుట పసికట్టుట. ఉసికొల్పుట యనగా కుక్కను కేకతో మృగముపైకి పురికొల్పి పంపుట. మొదటిది ముక్కునకు, రెండవది కాళ్లకు సంబంధించిన పని. వేటకుక్క యను ఒక్క పేరుతో లోకము పిలుచు జంతువునకు నిజముగా రెండు వృత్తులు కలవని ఈ మాటలు తెలుపుచున్నవి. ఈ భేదమును గమనింపక పూర్వుల గ్రంథములను చదివినచో, అందలి శిక్షావిధులు ఒకదానితో నొకటి పొసగనట్లు తోచును. అనువాదకునకు ఈ చిక్కు మరింత పెద్దది. కుందేటివేటను గూర్చి గ్రీకుభాషలో వెలసిన రెండు గ్రంథములు ఇందుకు తగిన నిదర్శనములు.

మొదటిది సోక్రటీసు శిష్యుడగు జెనొఫోను పేర ప్రసిద్ధమైన ‘కినెగెటికోస్’. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దికి చెందిన ఈ గ్రంథమున, విశేషించి పీఠికాభాగము అతనిది కాదేమో యను సంశయము పండితులలో కలదు. శిక్షణ నెరిగినవాని చేతివ్రాత యనుటకు మాత్రము నడుమ ప్రకరణములే చాలును. రెండవది క్రీస్తుశకము 2వ శతాబ్దివాడగు అర్రియన్ రచన. దానికిని అదే పేరు. భారతచరిత్ర చదివినవారికి ఇతడు ‘ఇండికా’ కర్తగ సుపరిచితుడు. జెనొఫోను వ్రాయక విడిచిన దానిని పూరించుటకే తాను పూనుకొంటినని అర్రియన్ చెప్పుకొనెను. కెల్టుజాతివారి వడిగల కుక్కలను జెనొఫోను ఎరుగడు; అర్రియన్ ఎరుగును. రెండు గ్రంథముల నడుమ భేదమంతయు ఇందుండి పుట్టినదే.

ముందుగ మృగమును గూర్చి యొక మాట. గ్రీకు ‘లగోస్’ నేలబొరియలో నివసించు జంతువు కాదు. అది గడ్డిలోనో పొదక్రిందనో పడక చేసికొని, తరిమినపుడు బయలున పరుగిడునట్టిది. మన మెట్టపొలములలోని చెవులపిల్లియు ఇట్టిదే. బొరియలు త్రవ్వుకొని గుంపుగ నివసించు ఐరోపా జాతి వేరు. తెలుగున రెండింటికిని కుందేలనియే వ్యవహారము. బొరియ గల జంతువు నాలుగు గంతులలో మాయమగును. దానికి దీర్ఘమైన జాడయు లేదు, బయలు పరుగును లేదు. కనుక ఈ గ్రంథములలోని శిక్షణ దానికి వర్తింపదు.

జెనొఫోను చెప్పిన వేట వలలతో కూడినది. కుందేలు పోవు దారులలో వలలు పన్ని, కాపరి నొకని నిలిపి, కుక్కలచే జాడ తీయించి, మృగమును పడకనుండి లేపి వలలవైపు నడపుట ఆనాటి పద్ధతి. అందుచే కుక్క మొదట నేర్వవలసినది పసికట్టుటయే. వాసన యెప్పుడు నిలుచును, ఎప్పుడు చెదరును అను విషయమున అతని పరిశీలనము ఆ గ్రంథమునకు తలమానికము. మంచు గడ్డకట్టిన శీతకాలపు ఉదయమున జాడకు వాసన యుండదు. ఎండ తగిలిన పిదపనే అది పైకి తేలును. పెద్దవాన దానిని కడిగివేయును. వసంతమున గాలి హితముగ నున్నను, పూలవాసన జాడతో కలిసి కుక్కను తికమక పెట్టును. నిండు వెన్నెలలో కుందేళ్లు ఆటలాడుచు దూరదూరముగ గంతులిడుటచే జాడ తెగిపోవును. ఋతువునకు తగిన గడియను నిర్ణయించుటయు ఇందుండి కలిగినదే: వేసవిలో మధ్యాహ్నము వరకు, చలికాలమున పగలెల్ల, శరత్తున నడిమధ్యాహ్నము తప్ప, వసంతమున సాయంకాలమునకు ముందు కుక్కలను తీసికొనిపోవలెను.

దేహసాధనమును అతడు వేటనుండి వేరుచేసి చెప్పెను. కుందేలు దొరకినను దొరకకున్నను కుక్కలను రాతినేలకు కొనిపోవలెనట. దానిచే పాదములు గట్టిపడును, మేను శ్రమకు అలవడును. సాగుభూములకంటె కొండచరియలు మేలు. మూడవనాటి కొకమారు తీసికొనిపోవుట చాలును. కూడు ఇష్టముగ తినని కుక్కను ఆనాడు కదల్పరాదు. పెనుగాలి వీచునపుడును కదల్పరాదు. నక్క వెంట పోవు అలవాటు చేసినచో ఆ కుక్క చెడినట్లే. మెడపట్టెడ మెత్తగ, వెడల్పుగ నుండవలెను. లేనిచో వెండ్రుకలు రాలును. ఈ చిన్న విషయములే గ్రంథకర్త అనుభవమునకు సాక్షులు.

పిల్లల శిక్షణలో అతని పట్టింపు మరింత కనబడును. శీతకాలమున జత కట్టించినచో పిల్లలు వసంతమునకు పుట్టి బాగుగ పెరుగును. ఆడుపిల్లను 8వ నెలలో, మగపిల్లను 10వ నెలలో వేటకు కొనిపోవలెను. కాని విడువరాదు, పొడవైన త్రాటితో కట్టి, జాడ తీయుచున్న పెద్దకుక్కల వెనుక నడపవలెను. కుందేలు లేచినపుడు పిల్లను వెంటనే వదలరాదు. అది కనుమరుగైన పిమ్మటనే వదలవలెను. కంటి యెదుట మృగముండగ వదలినచో, మేను ఇంకను గట్టిపడని చురుకైన పిల్ల శక్తికి మించి ఉరికి, అవయవములకు హాని తెచ్చుకొనునని అతని హెచ్చరిక. వేట ముగిసిన పిదప వలలకడనే కూడు పెట్టవలెను. దారి తప్పిన పిల్ల ఆ చోటును తలచుకొని తిరిగి వచ్చును. ఆకలిగొన్నపుడు పెట్టిన చేతినే కుక్క ప్రేమించును గనుక యజమాని స్వయముగ పెట్టుట మంచిది. అప్పుడే పుట్టిన కుందేటి కూనలను మాత్రము వేటగాండ్రు దేవతకు విడిచిపెట్టుదురట.

అర్రియన్ గ్రంథమునకు వచ్చినచో విధి తలక్రిందులైనట్లుండును. పిల్లను మొదట విశాలమైన బయలుకు కొనిపోయి, కుందేటిని చూచునట్లు దగ్గరనుండియే వదలవలెనని అతడు చెప్పెను. కొంతసేపటికి మరియొక మంచికుక్కను విడిచి, పిల్ల అలసి నిరుత్సాహపడకుండ తోడు చేయవలెను. జెనొఫోను వలదన్నది ఇతడు కావలెనన్నాడు. ఇది మతభేదము కాదు. కెల్టు కుక్క ముక్కుతో కాక కంటితో వేటాడునది. కనబడని దానిని తరుమవలెనను ఆశ దానికి కలుగదు. జాడకుక్కకు చూపు ఒక ప్రలోభము. పరుగుకుక్కకు చూపే పాఠము. వయస్సు విషయమున అర్రియన్ మరింత జాగరూకుడు: ఆడుదానికి 11 నెలలు, మగదానికి రెండేండ్లు నిండవలెను. పరుగు భారమంతయు కాళ్లపై పడునపుడు ఈ ఆలస్యము సహజమే.

పెరిగిన కుక్కల విషయమున అతడు పెట్టిన నియమము వేరు. కుందేటికి కొంత దూరము ఇచ్చిన పిమ్మటనే వదలవలెను. రెండింటికి మించి వదలరాదు. నిజమైన వేటగాడు పట్టుకొనుటకై కాక పందెమునకై కుక్కలను కొనిపోవుననియు, కుందేలు తప్పించుకొన్నచో సంతోషించుననియు అతని మాట. మృగము చిక్కు దృశ్యమును మెచ్చిన జెనొఫోనుతో అతడు బాహాటముగ విభేదించెను. రెండే కుక్కలు, ముందుగ కొంత దూరము అను ఈ నియమములే తరువాతి కాలమున ఇంగ్లండులోని కుందేటిపందెములలోను కానవచ్చును. ఇంగ్లండు, వేల్సులలో వానిని 2004 చట్టము నిషేధించినది.

భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము, దాని 1991 సవరణ కలిసి ఇట్టి వేటకు చోటు లేకుండ చేసినవి. ఇక్కడ మిగిలినవి మాటలే. సోమేశ్వరుని ‘మానసోల్లాసము’నందలి సారమేయవినోదమును గాని, ధూర్జటి వర్ణించిన తిన్నని వేటను గాని వ్యాఖ్యానించువారికి అవి కావలసియుండును. జాగిలమను మాట నేడు పత్రికలలో నేరస్థుల జాడ తీయు పోలీసుకుక్కకు పేరైనది. అనగా ముక్కుపని వైపునకు ఒరిగినది. అర్రియన్ కుక్కను జాగిలమని తెలిగించినచో నేటి పాఠకుడు దానిని పసికట్టు కుక్కయనియే భావించును. దానికి పరుగుకుక్క యనుటయే మేలు. దానిని వదలు క్రియ ఉసికొల్పుటయే.

జెనొఫోను, పిలుచుటకు వీలుగ పొట్టిపేర్లు పెట్టవలెనని చెప్పి, 40కి పైగా పేర్లు గల పట్టిక నొసగెను. దాని తుదిని స్తీబోన్, హోర్మే అను పేర్లు కలవు. మొదటిది జాడను తెలుపు మాటనుండి వచ్చినది. రెండవదానికి ఉరవడి యని అర్థము. అర్రియన్ తన ముద్దుకుక్కకు పెట్టుకొన్న పేరు హోర్మే.