క్వార్టర్ మైలు ఉద్యోగం: రోనీ సాక్స్ కథ, కొంచెం మెకానిక్స్

మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. అందులో మూడో వంతు, అంటే సుమారు 23 గేట్ల దూరం, క్వార్టర్ మైలు అవుతుంది. లెక్కగా 402 మీటర్లు. డ్రాగ్ రేసు మొత్తం ఆ దూరంలోనే అయిపోతుంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, దీపాలు వెలుగుతాయి, పది సెకన్లలో కథ ముగుస్తుంది. మలుపుల్లేవు, ఓవర్‌టేకింగ్ లేదు. అందుకే ఫార్ములా వన్ చూసే మన హాస్టల్ మిత్రులు, "ఇందులో డ్రైవర్ గొప్పేముందిరా, యాక్సిలరేటర్ తొక్కి కూర్చోవడమేగా" అని తేల్చేస్తుంటారు.

ఆ మాటకు జవాబుగా ఒక మనిషి జీవితం చెప్పుకోవచ్చు. పేరు రోనీ సాక్స్. (పేరు వినగానే మేజోళ్ళు గుర్తొస్తే తప్పు మీది కాదు.) 1938లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రం, బర్లింగ్టన్‌లో పుట్టాడు. 1960లలో కార్ల కంపెనీలు పోటీపడి కండలు పెంచిన "మజిల్ కార్లు" నడిపి పేరు తెచ్చుకున్నాడు.

కథలోకి వెళ్ళేముందు ఒక చిన్న లెక్క. ఫస్టియర్ ఫిజిక్స్ చాలు. 402 మీటర్లు పది సెకన్లలో దాటితే సగటు వేగం గంటకు 145 కి.మీ. త్వరణం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే చివరి వేగం సగటుకు రెట్టింపు, అంటే 290 రావాలి. కానీ 1970 నాటి ఆ కార్లు గీత దాటేటప్పుడు చూపించిన వేగం దాదాపు 225 మాత్రమే. మరి టైము ఎలా కుదిరింది? త్వరణం అంతా ముందే ఖర్చయింది కాబట్టి. రేసు గెలిచేది చివర్లో కాదు, మొదటి కొద్ది మీటర్లలో.

ఆ మొదటి మీటర్లలో ఇంజన్ బలం కన్నా టైరు పట్టు ముఖ్యం. టైరు ఎంత తోయగలదనేది దాని మీద ఎంత బరువు పడుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. మన డెల్టాలో ట్రాక్టర్ వెనక టైర్లలో నీళ్ళు నింపేది దీనికే. ఇది తెలిసిన క్రైస్లర్ ఇంజనీర్లు 1965లో రేసు కార్ల ముందు ఇరుసును 10 అంగుళాలు, వెనక ఇరుసును 15 అంగుళాలు ముందుకు జరిపారు. వెనక చక్రాలు కారు బరువు కిందకి వచ్చాయి. చూడ్డానికి మాత్రం వింతగా, బొమ్మ గీసేటప్పుడు చెయ్యి జారినట్టు తయారయ్యాయి. "ఫన్నీ కార్" అనే మాట పుట్టింది ఇలాంటి వాటి వల్లే. డ్రాగ్ రేసింగ్‌ను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఇవి మా క్లాసులో కుదరవంది. సాక్స్, మిగతా క్రైస్లర్ డ్రైవర్లు వేరే సంస్థల పోటీల్లో, ఊరూరా జరిగే మ్యాచ్ రేసుల్లో వాటిని పరిగెత్తించారు.

ఈ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ 1951లో పుట్టింది. స్థాపకుడు వాలీ పార్క్స్. రోడ్ల మీద జరుగుతున్న రేసుల్ని నిబంధనలున్న చోటికి మార్చాలన్నది మొదటి ఉద్దేశం. అర్ధరాత్రి బైపాస్ మీద బైకులు వదిలేవాళ్ళు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

ఇక సాక్స్ దగ్గరకు వద్దాం. అదే ఊరి బడ్డీ మార్టిన్ కూడా రేసరే. అయితే నడపడంలో రోనీది పైచెయ్యి అని ఒప్పుకుని కారు అతనికిచ్చి, తాను డబ్బు, ఒప్పందాలు, ప్రచారం చూసుకున్నాడు. అలా "సాక్స్ అండ్ మార్టిన్" మొదలైంది. ఇంజన్లు కట్టేది జేక్ కింగ్. ఎరుపు, తెలుపు, నీలం రంగుల కారు మీద పేర్లు ఇద్దరివే కనిపిస్తాయి కానీ, మూడో మనిషి లేకపోతే ఆ ఇద్దరూ లేరని నా అభిప్రాయం.

ఫ్యాక్టరీ అండ అంటే కంపెనీయే కారు, విడిభాగాలు, సలహా, డబ్బు ఇవ్వడం. ఆదివారం ట్రాక్ మీద గెలిచిన కారు సోమవారం షోరూములో అమ్ముడుపోతుందని వాళ్ళ లెక్క. అయితే ఆ అండ ఎంత నికరమైందో చూడండి. 1963లో వీళ్ళ చేతిలో షెవర్లే ఉంది. అదే ఏడాది జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం రేసింగ్ సాయం ఆపేయమంది. 1964లో మెర్క్యురీ కామెట్‌కి మారారు. ఆ కారుతోనే వింటర్‌నేషనల్స్‌లో ఫ్యాక్టరీ ఎక్స్‌పెరిమెంటల్ టైటిల్ కొట్టారు. 1965లో ప్లిమత్. మూడేళ్ళలో మూడు కంపెనీలు! గెలిచినవాడి పరిస్థితే ఇది.

ప్లిమత్‌తో బంధం మాత్రం నిలిచింది. 426 క్యూబిక్ అంగుళాల, అంటే 7 లీటర్ల హెమీ ఇంజన్ వాళ్ళ ఆయుధం. రేసుల మధ్యలో డీలర్ల షోరూములకు వెళ్ళి "క్లినిక్‌లు" పెట్టేవారు. కారు కొన్నవాళ్ళకు ట్యూనింగ్ ఎలా చేసుకోవాలో నేర్పడం పని. అంటే ఉద్యోగంలో సగం డ్రైవింగ్, సగం మాస్టారుగిరీ.

అయితే సాక్స్‌కి సొంతంగా ఉన్నది ఏమిటి? కుడి చెయ్యి. అతన్ని "మిస్టర్ ఫోర్ స్పీడ్" అనేవారు. నాలుగు గేర్ల మాన్యువల్ బాక్సులో మూడు షిఫ్టులుంటాయి. ఒక్కో షిఫ్టులో ఇంజన్ బలం చక్రాలకు అందని క్షణం ఒకటుంటుంది. ఎదుటివాడికన్నా ఒక్కోదాంట్లో సెకనులో మూడు వందోవంతులు మిగిలితే, మొత్తం దాదాపు పదోవంతు. గంటకు 225 కి.మీ. వేగంలో పదోవంతు సెకను అంటే ఆరు మీటర్లు. ఒక కారు పొడవుకు మించిన తేడా! యాక్సిలరేటర్ తొక్కి కూర్చోవడమేనన్న మిత్రులకు ఈ ఆరు మీటర్లు అంకితం.

1970లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ప్రో స్టాక్ అనే కొత్త క్లాసు తెచ్చింది. మొదటి పోటీ ఫైనల్లో సాక్స్ బిల్ జెంకిన్స్ నడిపిన కమారో చేతిలో ఓడాడు. 1971లో మాత్రం ఎనిమిది జాతీయ పోటీల్లో ఆరు గెలిచాడు.

తర్వాత జరిగింది అర్థం కావాలంటే సంక్రాంతి బండలాగుడు పోటీలు గుర్తు తెచ్చుకోండి. అక్కడ ఎడ్లను రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని పళ్ళ లెక్కన విభాగాలు చేస్తారు. పాలపళ్ళ గిత్తను ముదురు ఎద్దు పక్కన నిలబెట్టరు. ప్రో స్టాక్‌లో పళ్ళ బదులు ఇంజన్ సైజు. క్యూబిక్ అంగుళానికి 7 పౌండ్ల చొప్పున కారు బరువుండాలి. 426 హెమీకి 2,982 పౌండ్లు, అంటే సుమారు 1,350 కేజీలు.

1972లో చిన్న ఇంజన్ వేసిన పొట్టి కార్లకు 6.75 పౌండ్లు చాలన్నారు. జెంకిన్స్ వెంటనే బుల్లి షెవర్లే వేగాలో 331 అంగుళాల ఇంజన్ పెట్టాడు. లెక్క వేస్తే సుమారు 1,013 కేజీలు. ఆ ఏడాది ఎనిమిదింటిలో ఆరు అతనివి. ఏడాది కిందటి సాక్స్ స్కోరే, పేరు మారింది. ఒకే కంపెనీ వాళ్ళు అన్నీ గెలిస్తే జనం రారు కాబట్టి నిర్వాహకుల వైపు న్యాయం లేకపోలేదు. కానీ సాక్స్ చెయ్యి ఒక్క ఏడాదిలో మొద్దుబారలేదు కదా!

దెబ్బ మీద దెబ్బలు పడ్డాయి. షోరూమ్ కార్లలో హెమీ 1971తోనే ఆగిపోయింది. క్లచ్ తొక్కకుండా గేర్ మార్చే లెన్‌కో ట్రాన్స్‌మిషన్ ట్రాక్‌ల మీదికి వచ్చింది. అతని ఆరు మీటర్లు ఇప్పుడు ఎవరైనా కొనుక్కోవచ్చు. 1970ల మధ్యకల్లా కంపెనీ అండ, మార్టిన్‌తో భాగస్వామ్యం రెండూ ముగిశాయి.

మన బాహా టీముల్లో స్పాన్సర్ దొరకగానే లోగో ఎంత పెద్దది వెయ్యాలన్న చర్చే ఎక్కువ నడుస్తుంది. వాళ్ళు వెళ్ళిపోయిన రోజు మన దగ్గర మిగిలేదేంటన్న చర్చ తక్కువ. సాక్స్ దగ్గర మిగిలింది డ్రైవింగ్. 1981లో, 40 దాటిన వయసులో, ఐహెచ్‌ఆర్‌ఏ ప్రో స్టాక్ టైటిల్ గెలిచాడు. అది ప్లిమత్ కారు కాదు, ఫోర్డ్ మస్టాంగ్.

ప్లిమత్ బ్రాండ్‌ను 2001లో మూసేశారు. రోనీ సాక్స్ 2006 ఏప్రిల్ 22న, 67వ ఏట పోయాడు.